చామనచాయ బొమ్మ

"మొహానికి గులాబీరంగు వెయ్యమ్మా, లేకపోతే నల్లబొమ్మ అంటారు!"

సంక్రాంతి బొమ్మల కొలువు కోసం గుడ్డబొమ్మ చేస్తుంటే మా చిన్నమ్మాయి అన్న మాట ఇది. నా చేతిలో కుంచె ఆగిపోయింది. దానిది నా రంగే, చామనచాయ. ఎవరంటారే అని అడగబోయి ఊరుకున్నాను. పెళ్లిళ్లలో 'పిల్ల కళగా ఉంది, రంగే కాస్త తక్కువ' అన్నప్పుడు నవ్వి ఊరుకున్నది నేనే. ఇంటికొచ్చి దాని బుగ్గలకు సున్నిపిండి గట్టిగా రుద్దిందీ నేనే. మా ఇంట్లో కొన్న బొమ్మలన్నీ తెల్లగా, బంగారు జుట్టుతో ఉన్నవే. పిల్ల ఇంకేం నేర్చుకుంటుంది?

అందుకే ఆ బొమ్మని పక్కనపెట్టి మళ్లీ మొదలుపెట్టాం. స్టీలు గిన్నెలవాడికి వేద్దామనుకున్న మూటలోంచి పాత పంచె తీసి, గంజి పోయేలా ఉతికి, చిక్కటి టీ డికాషన్‌లో అరగంట నానబెట్టాం. ఆరాక చూస్తే అచ్చం మా అమ్మాయి చేతి రంగే!

గుడ్డని రెండు మడతలు వేసి, పెన్సిల్‌తో బొమ్మ గీసి, పక్కన రెండంగుళాలు వదిలి గీతమీదే కుట్టాం. కుట్టుకి పావంగుళం అవతల కత్తిరించి, మెడ వంపుల దగ్గర చిన్న గాట్లు పెట్టి తిరగేశాం. దూది కూరాక మొహం వేస్తే వంకరపోతుందని మొదటి బొమ్మతోనే తెలిసింది. అందుకని ఈసారి లోపల అట్టముక్క పెట్టి, ఫ్యాబ్రిక్ పెయింట్‌తో కళ్లూ పెదవులూ ముందే దిద్దాం. ఒకరోజు ఆరనిచ్చి, పైన పల్చటి గుడ్డ పరిచి ఇస్త్రీ చేశాం. తర్వాత దూదీ, టైలరు దగ్గర తెచ్చిన పీలికలూ కూరి, వదిలిన చోట చేత్తో కుట్టేశాం. నల్ల ఊలుతో జడ, మా అమ్మ పాత నేతచీర ముక్కతో పరికిణీ. ఇంట్లో పసిపిల్లలుంటే కళ్లకి గుండీలు, పూసలు కుట్టకండి. ఊడితే నోట్లో పెట్టుకుంటారు. రంగుతో వేసిన కళ్లకి ఆ భయం లేదు.

ఒక్క గుడ్డబొమ్మతో లోకం మారిపోతుందని నేననను. పెళ్లిచూపుల్లో రంగు చూడటం రేపే ఆగిపోదు. కానీ పిల్ల చెవిన మొదట పడేది మన మాటే కదా! దాన్నయినా మనం సరిదిద్దుకోవచ్చు.

పేరంటానికి వచ్చినావిడ "ఎవరే ఈ బొమ్మ?" అనడిగితే మా చిన్నది "నేనే!" అంది. ఆ సాయంత్రం ఎవరి మాటకూ నేను నవ్వి ఊరుకోలేదు.