క్లిప్పులు తీసినంత మాత్రాన అయిపోలేదు!

పదో తరగతి పరీక్షలయ్యాయి. రెండేళ్లుగా పళ్లకున్న క్లిప్పులు తీసేశారు. అద్దం ముందు అమ్మాయి నవ్వు చూసి ఇంటిల్లిపాదీ మురిసిపోయారు. జూన్‌లో విజయవాడలో హాస్టల్లో చేర్చారు. సంక్రాంతికి ఇంటికొచ్చేసరికి కింది ముందు పళ్లు మళ్లీ ఒకదాని మీదికొకటి ఎక్కుతున్నాయి. ఆరా తీస్తే, డాక్టరు ఇచ్చిన రిటెయినర్ దసరాకి ముందే మెస్‌లో పోయిందట. తిడతారని చెప్పలేదట. మా అంబాజీపేటలో నాకు తెలిసిన ఇంట్లో జరిగిందిది. రేపు మీ ఇంట్లోనూ జరగొచ్చు.

ఇలాంటప్పుడు పిల్లనో, డాక్టరునో తప్పుపడతాం. నన్నడిగితే తప్పు పెద్దవాళ్ల లెక్కలో ఉంది. క్లిప్పులు తీసిన రోజుతో వైద్యం ముగిసిందనుకుంటాం. పళ్లను జరపడం సగం పనే. జరిగిన చోట నిలపడం మిగతా సగం.

కోనసీమ వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పాలా? గెల వేసిన అరటికి వెదురు గెడ ఊతం పెడతాం. చెట్టు నిటారుగానే ఉంది కదా అని గెల కోయకముందే గెడ లాగేస్తామా? పన్ను కూడా ఎముకలో దిగ్గొట్టిన మేకు కాదు. వేరు చుట్టూ సన్నని నారల పొర దాన్ని ఎముకకు పట్టి ఉంచుతుంది. పన్ను కొత్త చోటికి జరిగాక ఆ నారలు కుదురుకోవడానికి నెలలు పడుతుంది. చిగురులో సాగిన నారలకైతే ఏడాది, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే. అప్పటిదాకా అవి పన్నును పాత చోటికి లాగుతూనే ఉంటాయి. పైగా వయసుతోపాటు కింది ముందు పళ్లు ఇరుకవడం అసలు క్లిప్పులే పెట్టుకోని వారిలోనూ మామూలే.

అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ లిటిల్ బృందం, కొన్ని పళ్లు తీసి వరస సరిచేసిన 65 మందిని రిటెయినర్ మానేసిన పదేళ్ల తర్వాత పరిశీలించింది. దాదాపు మూడింట రెండొంతుల మందిలో కింది ముందు పళ్ల వరస మళ్లీ చెదిరింది. 1981లో ఈ ఫలితాలు వెలువడ్డాయి. అందుకే చాలామంది వైద్యులు మొదటి కొన్ని నెలలు తినడానికి, తోముకోవడానికి తప్ప రోజంతా పెట్టుకోమంటారు. ఆ తర్వాత రాత్రిళ్లు, ఏళ్ల తరబడి. మీ పిల్లలకు ఎన్నాళ్లన్నది మీ డాక్టరే చెప్పాలి.

‘జీవితాంతం ఈ గొడవేంటండీ’ అంటారా? కళ్లజోడును గొడవ అనుకుంటున్నామా? పళ్ల వెనక అంటించే సన్నని తీగ కూడా ఉంది. అయితే దాని చుట్టూ గార పేరుకోకుండా శుభ్రం చేసుకోవాలి. అది ఊడిందేమో చూపించుకుంటూ ఉండాలి. అంటే అక్కడా శ్రద్ధ తప్పదు.

ఇక జాగ్రత్తలు. పాలసీసాలా మరిగే నీళ్లలో వేయకండి, ప్లాస్టిక్ వంకరపోతుంది. చల్లని నీళ్లు, మెత్తటి బ్రష్షు, కాస్త తేలికపాటి సబ్బు చాలు. పేస్టుతో రుద్దితే గీతలు పడతాయి. ఆ గీతల్లో క్రిములు చేరతాయి. పొట్టిక్కలు తిన్నా, పూతరేకు తిన్నా ముందు తీసి డబ్బాలో పెట్టాలి. కాగితంలో చుట్టి కంచం పక్కన పెడితే నేరుగా చెత్తబుట్టలోకే! పెట్టుకుని ఉండగా మంచినీళ్లు తప్ప ఏదీ తాగొద్దు. కొబ్బరినీళ్లలోనూ చక్కెర ఉంటుంది, అది లోపల చిక్కుకుని పళ్లను పుచ్చిస్తుంది. విరిగితే జిగురుతో అతికించడం, తీగ వంగితే ఇంట్లో పట్టకారుతో సరిచేయడం వద్దు. కొన్నాళ్లు మానేసి పెట్టుకున్నప్పుడు బిగుతుగా ఉంటే పళ్లు కదిలినట్టే. అసలు పట్టకపోతే బలవంతంగా నొక్కకుండా డాక్టరుకు చూపించండి.

వీటన్నిటికంటే ముఖ్యమైనవి రెండు. మొదటిది, క్లిప్పులు వేయించే రోజే ‘తీశాక రిటెయినర్ ఏది ఇస్తారు, ఎన్నాళ్లు వాడాలి, పోతే మళ్లీ ఎంతవుతుంది’ అని అడగండి. ఆ డబ్బునూ మొదటి లెక్కలోనే వేసుకోండి. వీలైతే హాస్టల్ పెట్టెలో రెండో జతా పెట్టండి.

రెండోది, తిట్టకండి. రిటెయినర్ పోయిందని ఆ రోజే తెలిస్తే ఇంకొకటి చేయించడంతో సరిపోతుంది. నాలుగు నెలల తర్వాత తెలిస్తే మళ్లీ క్లిప్పులు వేయించాల్సి రావచ్చు. ‘పోతే వెంటనే ఫోన్ చెయ్యమ్మా, ఏమీ అనం’ అని హాస్టల్ గేటు దగ్గర ఒక్క మాట చెప్పి రండి. మా ఊరి అమ్మాయికి ఆ మాట ఎవరూ చెప్పలేదు.