ఇద్దరి పేరా ఉంది కదా అనుకుంటున్నారా?

పండక్కి ఇల్లు దులిపేటప్పుడు బీరువా అడుగున, పాత పట్టుచీరల కింద ఒక ప్లాస్టిక్ కవరు చేతికి తగులుతుంది. అందులో ఏ కాగితాలున్నాయో మనలో చాలామందికి తెలీదు. "అవన్నీ ఆయన చూసుకుంటారులే" అని మళ్ళీ అక్కడే పెట్టేస్తాం. ఈ వారం ఆ కవరు ఒకసారి విప్పి చూద్దాం రండి.

ముందుగా ఒక ఉదాహరణ. వికారాబాద్ జిల్లా బంట్వారంలో ఒక కుటుంబం అనుకోండి. ఆలుమగలిద్దరూ కష్టపడి నాలుగెకరాల కంది చేను కొన్నారు. ఆమె పట్టుబట్టి ఇద్దరి పేరా రిజిస్ట్రేషన్ చేయించింది. మంచి పనే చేసింది. వాళ్ళకి ఒక కొడుకు, ఒక కూతురు. ఇంట్లో అత్తగారున్నారు. ఉన్నట్టుండి ఆయన పోయాడు. వీలునామా రాయలేదు. ఇప్పుడు ఆ చేను ఎవరిది?

"ఇద్దరి పేరా ఉంది కాబట్టి ఇక మొత్తం ఆమెదే" అంటారు చుట్టుపక్కలవాళ్ళు. కాదండీ! దస్తావేజులో వాటాలు విడిగా రాయకపోతే మామూలుగా చెరి సగం అనుకుంటారు. అంటే రెండెకరాలు మొదటినుంచీ ఆమెవే. మిగతా రెండెకరాలు ఆయనవి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఆయన వాటా భార్యకి, కొడుక్కి, కూతురికి, తల్లికి సమానంగా వెళ్తుంది. రెండెకరాలంటే 80 గుంటలు. నలుగురికీ తలా 20 గుంటలు. ఆమెకి మొత్తం కలిపి రెండున్నర ఎకరాలు వస్తాయి, నాలుగు కాదు. పిల్లలు మైనర్లయితే వాళ్ళ వాటా అమ్మడానికి కోర్టు అనుమతి కావాలి. అత్తగారు వీలునామా రాయకుండా కాలం చేస్తే ఆవిడ 20 గుంటల్లో ఆడపడుచులకీ, మరుదులకీ భాగం ఉంటుంది.

అలాగని అత్తగారిమీద కోపం తెచ్చుకోకండి. కొడుకుని పోగొట్టుకున్న తల్లికి చట్టం ఇచ్చిన ఆసరా అది. మరోలా జరగాలనుకుంటే భార్యాభర్తలిద్దరూ బతికుండగానే ఎవరి వాటాకి వాళ్ళు వీలునామా రాసుకోవాలి. దానికి స్టాంపు కాగితం అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. ఇద్దరు సాక్షుల సంతకాలు మాత్రం ఉండాలి.

ఇంకో సంగతి. చేను కొనేటప్పుడు మీ పుస్తెలతాడు అమ్మి సగానికిపైగా డబ్బు మీరే పెట్టారనుకోండి. ఆ మాట దస్తావేజులో రాయించండి. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, ఎవరు ఎంత డబ్బు పెట్టారో రుజువుంటే ఆ లెక్కనే వాటాలు. రుజువు లేకపోతే సమానం. బంగారం అమ్మిన రశీదు చింపెయ్యకండి. ఆయన ఒక్కడి పేరా కొంటే మాత్రం కాగితం మీద అది ఆయన ఆస్తే. మీ సంతకం లేకుండానే ఆయన అమ్ముకోవచ్చు. కాపురం చేస్తున్న ఇంట్లో ఉండే హక్కు 2005 నాటి గృహహింస నిరోధక చట్టం మీకిస్తుంది. అయితే ఉండే హక్కు వేరు, యాజమాన్యం వేరు.

కాగితంలో ఒక్క మాట ఎంత పని చేస్తుందో చెప్పడానికి నెల్లూరు వైపు నుంచి వచ్చిన తులసమ్మ గారి కేసు చాలు. 1931లో భర్త పోయాడు. మనోవర్తి కోసం ఆవిడ 1944లో మరిదిమీద దావా వేసింది. 1949లో రాజీ కుదిరి కొంత ఆస్తి ఇచ్చారు, కానీ "బతికున్నన్నాళ్ళు అనుభవించాలి, అమ్మకూడదు" అని షరతు పెట్టారు. ఆవిడ కొంత అమ్మింది. అమ్మడానికి నువ్వెవరని మరిది 1961లో కోర్టుకెక్కాడు. కింది కోర్టులో ఓటమి, పై కోర్టులో గెలుపు, హైకోర్టులో మళ్ళీ ఓటమి. చివరికి 1977లో సుప్రీంకోర్టు ఆవిడ వైపు నిలిచింది. మనోవర్తి హక్కు ఆవిడకి ముందే ఉంది, దానికి బదులుగా ఇచ్చిన ఆస్తి 1956 చట్టంతో సంపూర్ణంగా ఆవిడదైంది, షరతు చెల్లదు అంది.

అయితే అన్ని షరతులూ ఇలా ఎగిరిపోవు. ముందునుంచీ మీకు ఏ హక్కూ లేని ఆస్తిని ఎవరైనా దానంగానో వీలునామాతోనో "జీవితకాలం మాత్రమే" అని రాసిస్తే ఆ షరతు నిలబడుతుంది. అందుకే "సర్వ హక్కులతో" అని ఉందా, "యావజ్జీవం" అని ఉందా అన్నది చదివించుకోండి.

ఇక పుట్టింటి మాట. పండక్కి పిలిచి, ఒడిబియ్యం పోసి, చీర పెట్టి, "చెల్లే, ఇక్కడ ఒక సంతకం పెట్టమ్మా" అంటారు. అది హక్కు విడుదల పత్రం కావచ్చు. మన రాష్ట్రంలో 1985 నుంచే, అప్పటికి పెళ్ళికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో హక్కు వచ్చింది. 2005లో దేశమంతటా వచ్చింది. ఈ హక్కు పుట్టుకతోనే వస్తుందని, 2005 నాటికి తండ్రి బతికి ఉండనక్కర్లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరు పంపకం జరిగి ఉంటే మాత్రం అది మారదు. అన్నదమ్ములకి ప్రేమగా వదిలేస్తానంటే అది మీ ఇష్టం. కానీ ఏమి వదులుతున్నారో తెలిసి వదలండి. రిజిస్టరైన సంతకాన్ని తర్వాత వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు.

పట్టాదారు పాసుపుస్తకం గురించి ఒక మాట. 2020లో ధరణి వచ్చింది, 2025లో దాని స్థానంలో భూభారతి వచ్చింది. పొలం రిజిస్ట్రేషన్ ఇప్పుడు తహసీల్దారు ఆఫీసులోనే. పాసుపుస్తకంలో పేరుండటం అవసరమే. కానీ హక్కు పుట్టేది దస్తావేజు నుంచో, వారసత్వం నుంచో. రెండూ సరిపోలాలి. పేరులో ఒక అక్షరం తప్పున్నా ఇప్పుడే దిద్దించండి.

ఇక్కడ వారసత్వం గురించి చెప్పినవి హిందూ కుటుంబాలకి. ముస్లిం అక్కచెల్లెళ్ళకి షరియత్ ప్రకారం, క్రైస్తవులకి 1925 నాటి చట్టం ప్రకారం వాటాలు వేరుగా ఉంటాయి.

ఈ ఆదివారం వంట కాస్త త్వరగా ముగించి, మీ ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకోండి. ఎవరి పేర ఉంది? ఎంత వాటా? షరతులేమిటి? వీలునామా ఉందా? ఈ నాలుగూ ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. అడిగితే అనుమానిస్తున్నారనుకుంటారేమోనని జంకకండి. ఇద్దరూ ఉన్నప్పుడు కాఫీ తాగుతూ మాట్లాడుకోవాల్సిన సంగతి ఇది. ఒక్కరే మిగిలాక, ఇంటినిండా చుట్టాలున్న పదోరోజున తెలుసుకోవాల్సింది కాదు.