క్లోమం మీద నీటితిత్తి: కడుపు కోయకుండా వైద్యం

ఈ వారం ఉత్తరం మాచర్ల నుంచి. "మా వారికి 40 ఏళ్ళు. రెండు నెలల కిందట విపరీతమైన కడుపునొప్పి వస్తే నరసరావుపేటలో చేర్పించాం. పాంక్రియాస్ వాచిందన్నారు. తగ్గి ఇంటికి వచ్చాం. ఇప్పుడు నాలుగు ముద్దలు తినగానే కడుపు నిండిపోతోంది, వాంతులు. స్కానింగులో పాంక్రియాస్ మీద 9 సెంటీమీటర్ల సిస్టు ఉందట. ఇది కేన్సరా? కడుపు కోయాల్సిందేనా? మా అత్తగారు పసరు తాగిస్తే కరుగుతుందంటున్నారు."

అమ్మా, ముందు గాభరా తగ్గించుకోండి. వాపు వచ్చిన కొన్ని వారాలకు కనబడిన తిత్తి చాలావరకు కేన్సరు కాదు. పాంక్రియాస్‌ను మనం క్లోమం అంటాం. జీర్ణాశయం వెనుక అడ్డంగా, ఆరంగుళాల పొడవున ఉండే గ్రంథి. అందులో ఊరే రసం మాంసాన్ని సైతం అరిగిస్తుంది. గ్రంథి వాచి నాళం చిట్లితే ఆ రసం బయటికి కారుతుంది. చుట్టుపక్కల అవయవాలు దానికి గోడ కట్టి ఒకచోట బంధిస్తాయి. దీన్ని సూడోసిస్టు, అంటే ఉత్తుత్తి తిత్తి అంటారు. తాగించిన పసరు కడుపులోకి పోతుందే గాని ఈ తిత్తిలోకి పోదు. ఆ ఆలోచన మానండి.

అసలు వాపే రాని మనిషికి, మరి దేనికో స్కానింగు తీస్తే సిస్టు కనబడిందనుకోండి, అది వేరే సంగతి. జిగురు ఊరే తిత్తుల్లో కొన్ని కాలక్రమాన కేన్సరుగా మారగలవు. వాటికి రంధ్రం పెట్టి నీరు తీయడం వైద్యం కాదు. అందుకే పాత కాగితాలన్నీ డాక్టరుకు చూపించాలి.

ఉత్తుత్తి తిత్తులు చాలా వాటంతటవే ఇంకిపోతాయి. బాధ లేకపోతే అప్పుడప్పుడు స్కానింగు తీసి గమనిస్తే చాలు. నొప్పి, వాంతులు, కామెర్లు, చీము పట్టడం వంటివి ఉంటేనే వైద్యం కావాలి. అదీ సాధారణంగా నాలుగు వారాలు దాటాక. అప్పటికి గాని తిత్తి గోడ గట్టిపడదు. పచ్చిగోడలో మేకు నిలవదు కదా! "తొందరగా తీసేయండి" అని డాక్టరు మీద పడేవారు ఇది గుర్తుంచుకోవాలి.

పూర్వం దీనికి పొట్ట కోసి, తిత్తిని జీర్ణాశయానికి కలిపి కుట్టేవారు. ఇప్పుడు అదే పని నోటిగుండా చేస్తున్నారు. మత్తు ఇచ్చి, కొసన అల్ట్రాసౌండు ఉన్న సన్నని గొట్టాన్ని జీర్ణాశయంలోకి దింపుతారు. తిత్తి ఎక్కడ ఆనుకొని ఉందో, మధ్యలో రక్తనాళాలున్నాయేమో తెరమీద చూసి, సూదితో గుచ్చి, ఆ దారిలో స్టెంటు అమరుస్తారు. తిత్తిలోని నీరు జీర్ణాశయంలోకి దిగిపోతుంది. పొట్ట మీద గాటు ఉండదు. 2013లో అమెరికాలో వెలువడిన ఒక పరిశోధనలో 40 మందిని రెండు జట్లుగా చేసి చూశారు. నయం కావడంలో తేడా లేదు. కాని ఆపరేషన్ జట్టువారు 6 రోజులు ఆస్పత్రిలో ఉంటే, ఎండోస్కోపీ జట్టువారు 2 రోజుల్లో ఇల్లు చేరారు. తిత్తిలో నీరే కాక కుళ్ళిన కండ ముక్కలుంటే మాత్రం ఒకటికి నాలుగుసార్లు గొట్టం వేయవలసి రావచ్చు. రక్తస్రావం, చీము వంటి చిక్కులు ఇందులోనూ లేకపోలేదు.

ఈ పనికి వాడే స్టెంట్లలో ఒకదాని పేరు "నాగి". కర్నూలు వైద్యకళాశాలలో చదివి, హైదరాబాదులో ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గాస్ట్రోఎంటరాలజీని నెలకొల్పిన డాక్టర్ డి. నాగేశ్వరరెడ్డిగారి పేరు మీదుగా వచ్చిందది. 2025లో ఆయనకు పద్మవిభూషణ్ ప్రకటించారు. ఆ స్టెంటు చూడటానికి డమరుకంలా ఉంటుంది. రెండు కొసలూ వెడల్పు, నడుము సన్నం. అందుచేత అటూ ఇటూ జారదు.

ఇక అసలు మాట. ఆ లోహపు స్టెంటు లోపల శాశ్వతంగా ఉంచేది కాదు. నీరు పోయి తిత్తి ముడుచుకున్నాక మామూలుగా మూడు నాలుగు వారాలకు తీసేయాలి. వదిలేస్తే దాని కొస లోపలి రక్తనాళాన్ని ఒరుసుకొని ప్రాణం మీదికి తెచ్చే రక్తస్రావం కావచ్చు. మన పల్నాడులో జరిగేదేమిటంటే, నొప్పి పోతుంది, అన్నం సయిస్తుంది, మిరప కోతలు వస్తాయి, "ఇప్పుడెందుకులే హైదరాబాదు" అనుకుంటారు. స్టెంటు తీసే తేదీని ఇంటి క్యాలెండరులో రాయించండి. ఈలోగా నల్లటి విరేచనం, రక్తపు వాంతి, చలిజ్వరం, కళ్ళు తిరిగి పడిపోవడం, వీటిలో ఏది కనబడినా తెల్లవారేదాకా ఆగవద్దు.

కారం తినడం వల్ల క్లోమం వాయదు. మన మిరపకాయను ఆడిపోసుకోనక్కరలేదు. ముఖ్యమైన కారణాలు రెండు: తాగుడు, పిత్తాశయంలో రాళ్ళు. తాగే అలవాటుంటే పూర్తిగా మానాలి, బీరుతో సహా. రాళ్ళున్నాయో లేదో మీ ఉత్తరంలో రాయలేదు. పాత స్కానింగు రిపోర్టులో ఆ ముక్క వెతకండి. ఉంటే, తిత్తి పోయినా, పిత్తాశయం తీయించుకోవడం ఎప్పుడో డాక్టరుగారిని అడిగి రండి.