అమ్మ చావు చూసిన బిడ్డ మాట

ఇంట్లో జరిగే హత్యకు బయటి సాక్షి ఉండడు. పొరుగువాళ్లు మహా అయితే కేకలు విని ఉంటారు. కళ్లారా చూసింది చాలాసార్లు ఆ ఇంటి బిడ్డే. తల్లి పోయింది, తండ్రి జైల్లో ఉన్నాడు. ఇక ఆ బిడ్డను సాకేది అమ్మమ్మో నాయనమ్మో. అమ్మమ్మ ఇంట్లో ఉంటూ సాక్ష్యం చెబితే వాళ్లే నూరిపోశారంటారు. నాయనమ్మ దగ్గర పెరుగుతూ మాట మారిస్తే కేసే పోతుంది.

మద్రాసు హైకోర్టు మదురై బెంచి ముందుకు ఇలాంటి అప్పీలే ఒకటి వచ్చింది. తల్లి చావుకు తండ్రే కారణమన్న కేసు. సాక్ష్యం చెప్పడానికి వచ్చిన పిల్లలు జడ్జి ఎవరో, లాయర్లు ఎవరో చెప్పలేకపోయారని కింది కోర్టు వాళ్ల వాంగ్మూలమే తీసుకోలేదు. ముద్దాయి విడుదలయ్యాడు. ఆ పిల్లల్ని మళ్లీ విచారించాలని హైకోర్టు చెప్పింది. 2019 జులైలో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. నల్లకోటు వేసుకున్నదెవరో తెలియని బిడ్డకు అమ్మకేమైందో తెలియకుండా పోతుందా? సాక్షికి కనీస వయసంటూ మన చట్టంలో లేనే లేదు. ప్రశ్న అర్థమై, పొంతనగా జవాబు చెప్పగలిగితే చాలు.

మధ్యప్రదేశ్‌లో 2003లో జరిగిన భార్య హత్య కేసులో ఏడేళ్ల కూతురే ప్రత్యక్ష సాక్షి. ఆమె వాంగ్మూలాన్ని పోలీసులు 18 రోజుల తర్వాత తీసుకున్నారు. హైకోర్టు ఆ పాప మాట నమ్మక తండ్రిని వదిలేసింది. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు శిక్షను పునరుద్ధరించింది. 'నేర్పించారు' అని ఊరికే అంటే చాలదు, క్రాస్ ఎగ్జామినేషన్‌లో దానికి ఆధారం రాబట్టాలి అంది. నా దృష్టిలో అది సరైన తీర్పు. అయితే అక్కడ పాప మాట ఒంటరిది కాదు. శవాన్ని రాత్రికి రాత్రే గుట్టుగా కాల్చేశారు. ఇంట్లో భార్య ఎలా చనిపోయిందో భర్త చెప్పలేకపోయాడు.

భర్త జవాబు చెప్పలేకపోవడమనే ఈ అంశాన్ని మాత్రం జాగ్రత్తగా వాడాలి. నాలుగు గోడల మధ్య జరిగినదానికి ఇంట్లో ఉన్నవాడు జవాబు చెప్పాల్సిందే. కానీ ప్రాసిక్యూషన్ ముందు తన కేసు నిలబెట్టాలి. నిందితుడి మౌనంతో సాక్ష్యాల గొలుసులో తెగిన లంకెను అతికించకూడదు. పరిస్థితుల సాక్ష్యంలో ప్రతి లంకె రుజువు కావాలని శరద్ సార్దా కేసులో సుప్రీంకోర్టు 1984లోనే చెప్పింది. చెన్నై శివారులో చిన్నారి పాపను చంపిన కేసులో ఉరిశిక్ష పడ్డ యువకుణ్ణి 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు విడుదల చేసింది కూడా ఆ గొలుసు అతకకే. దర్యాప్తులో జరిగిన లోపాలకు అప్పీలులో మందు లేదు.

మధ్యప్రదేశ్ కేసులో నన్ను కలవరపెట్టేది ఆ 18 రోజులే. అన్ని రోజుల్లో బిడ్డ చెవిన ఎన్ని మాటలు పడి ఉంటాయి? పిల్లల్లాంటి నిస్సహాయ సాక్షులు సాక్ష్యం చెప్పడానికి ప్రత్యేక గదులు ఏర్పాటు చేయాలని సుప్రీంకోర్టు 2022లో ఆదేశించింది. మంచిదే. కానీ బిడ్డ ఆ గదికి చేరేసరికి ఏళ్లు గడిచిపోతాయి. తమిళనాడు, ఆంధ్ర, తెలంగాణ పోలీసు పెద్దలకు నా విన్నపం ఒకటే: ఏ బంధువు ఇంటికి పంపాలో తేల్చకముందే, ఆ బిడ్డ మాటను మేజిస్ట్రేటు ముందు వీడియోలో నమోదు చేయించండి.