దేవుళ్ళు రైలెక్కి వచ్చిన ఊరి నుంచి జపాన్‌కి

ఖరగ్‌పూర్‌లోని మా మథురాకాటి కుర్రకారు కొందరు జపాన్ వెళ్ళాలని నెలనెలా డబ్బు పోగేసుకుంటున్నారు. వాళ్ళలో ఆడపిల్లలూ ఉన్నారు. గుళ్ళూ బజార్లూ చూసి రావాలని వాళ్ళ ఆశ. నా కూతురు టోక్యోలో ఉద్యోగం చేసిన రోజుల్లో నేనూ కొన్నాళ్ళు అక్కడ ఉండి వచ్చాను. అందుకని, "టీచరుగారూ, ఎక్కడెక్కడికి వెళ్ళాలో ఒక కాగితం మీద రాసివ్వండి" అని అడిగారు. రాసిచ్చాను. ఆ కాగితంలో పట్టని మాట ఒకటుంది. దాన్ని ఈ పిల్లలతోబాటు వాళ్ళ అమ్మానాన్నలకూ, ఊళ్ళోని తెలుగు సంఘాల పెద్దలకూ చెప్పాలి. జపాన్ గుళ్ళను అర్థం చేసుకునే చూపు ఖరగ్‌పూర్ పిల్లలకు పుట్టుకతోనే ఉంది. దేవుళ్ళు రైలెక్కి వచ్చి కాపురం పెట్టిన ఊళ్ళో పెరిగినవాళ్ళు వీళ్ళు.

ఈ ఊరిని నిలబెట్టింది బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే. పట్టాలు పడ్డాయి, వర్క్‌షాపు లేచింది, పనివాళ్ళు కావలసి వచ్చారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖ వైపు నుంచి మనవాళ్ళు కుటుంబాలకు కుటుంబాలు తరలి వచ్చారు. మా తాత టెక్కలి దగ్గర్నుంచి వచ్చి ఖలాసీగా చేరాడు. వచ్చినవాళ్ళు చింతపండుతో, పచ్చడి జాడీలతో సరిపెట్టుకోలేదు, అమ్మవారిని కూడా వెంటబెట్టుకొచ్చారు. శ్రీకాకుళం వైపు సంబరం అనేదాన్ని ఇక్కడ ఊరంతా మాతా పూజ అంటారు. ఘటాలు ఎత్తుకునేది మన ఆడవాళ్ళే. డప్పుల పక్కనే బెంగాలీ ఢాక్ మోగుతుంది. ఘటం ఇంటి ముందుకొస్తే ఒడియా ఇల్లాలు బిందెతో నీళ్ళు తెచ్చి కాళ్ళ మీద పోస్తుంది, బిహారీ ఇంటి కోడలు కొంగు తలమీదికి లాక్కుని దండం పెడుతుంది. టెక్కలిలో ఉన్న అమ్మవారికీ ఈవిడకీ తేడా ఉంది. అయినా ఈవిడ మన అమ్మవారే, ఆ ఒడియా ఇల్లాలికీ అమ్మవారే. ఈ సంగతి మా పిల్లలకు ఎవరూ పాఠం చెప్పలేదు. చూస్తూ పెరిగారు.

జపాన్ వెళ్ళొచ్చిన మనవాళ్ళు మొదట చెప్పేది అక్కడ మన దేవుళ్ళున్నారని. ఉన్నమాటే. సరస్వతిని అక్కడ బెంజైతెన్ అంటారు, కుబేరుణ్ణి బిషామోన్‌తెన్ అంటారు. క్యోటోలోని తోజి గుడిలో బ్రహ్మ నాలుగు హంసల మీద, ఇంద్రుడు ఏనుగు మీద కూర్చుని కనిపిస్తారు. షింగోన్ శాఖ గుళ్ళలో ఈనాటికీ నిప్పు రాజేసి హోమం చేస్తారు. నారా పట్టణంలోని తోదాయిజి మహాబుద్ధుడికి 752లో కళ్ళు దిద్దినవాడు మన దేశం నుంచి వెళ్ళిన బోధిసేనుడు. మన నాగార్జునుణ్ణి అక్కడి బౌద్ధులు ఎనిమిది శాఖలకు మూలగురువుగా తలుస్తారు. ఇవన్నీ తెలుసుకుని వెళ్ళడం మంచిదే. కానీ "అంతా మనదే" అనుకుని తిరిగొస్తే చూసిందేమీ లేనట్టే.

ఎందుకంటే ఆ దేవుళ్ళు అక్కడ ఏమయ్యారన్నదే అసలు కథ. వినాయకుడు మనకు వీధి మలుపులో కూర్చుని అందరికీ కనిపించే దేవుడు. జపాన్‌లో కాంగితెన్ అయ్యాక ఆయన విగ్రహాన్ని చాలా గుళ్ళలో పెట్టెలో మూసి ఉంచుతారు, భక్తులకు చూపించరు. సరస్వతి చేతిలో వీణకు బదులు బీవా అనే నాలుగు తీగల వాద్యం ఉంటుంది. గుడి ఎక్కువగా చెరువు గట్టునో, దీవి మీదో ఉంటుంది. కామకురాలో జెనియరాయి బెంతెన్ గుడి ఉంది. కొండ గుహలో ఊటనీళ్ళు. జనం చిన్న వెదురు బుట్టల్లో నాణేలూ నోట్లూ వేసి ఆ నీళ్ళలో కడుగుతారు, కడిగిన డబ్బు రెట్టింపై తిరిగొస్తుందని నమ్మకం. చదువుల తల్లి అక్కడ లక్ష్మీదేవి పని కూడా చూసుకుంటోందన్నమాట. మతం చెడిపోయిందని మూతి విరవాల్సిన పనిలేదు, మనదేనని జబ్బలు చరుచుకోవాల్సిన పనీ లేదు. వెయ్యేళ్ళకు పైగా ఆ జనం తమ భయాలూ కోరికలూ ఆ తల్లికి చెప్పుకున్నారు, ఆమె వాళ్ళ మనిషి అయిపోయింది. మాతా పూజలో ఢాక్ విన్న పిల్లకు ఇది విప్పి చెప్పాలా?

నేను రాసిచ్చిన కాగితంలో అన్నిటికన్నా పైన ఉన్నది టోక్యోలోని ఉయెనో. కారణం చెప్తాను. ఉయెనో స్టేషను దగ్గర షినోబాజు అని తామరల చెరువుంది. దాని మధ్యలో బెంజైతెన్ గుడి. ఆ గుడి ఆవరణలో రకరకాల స్మారక శిలలున్నాయి. కళ్ళద్దాలకొకటి. జనం తిన్న చేపల ఆత్మశాంతికొకటి. వంటవాళ్ళ కత్తులకొకటి. అరిగిపోయేదాకా పనిచేసిన పనిముట్టుకు అక్కడ మర్యాద చేస్తారు. నేనక్కడ చాలాసేపు నిలబడిపోయాను. మా చిన్నప్పుడు సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజకు వర్క్‌షాపు గేట్లు తీసి ఇంటివాళ్ళను లోపలికి రానిచ్చేవారు. నాన్న తన లేతు యంత్రానికి బొట్టు పెట్టి, పక్కన మమ్మల్ని నిలబెట్టి చూపించేవాడు. ఇనుముకు దండం పెట్టడం తెలిసిన ఇళ్ళ పిల్లలు ఆ కత్తుల రాయి ముందు ఫోటో తీసుకుని పరిగెత్తకూడదని నా కోరిక.

గుడి నుంచి నడిచి వెళ్ళగలిగినంత దూరంలో ఆమెయోకో బజారుంది. ఉయెనో స్టేషను నుంచి ఒకాచిమాచి స్టేషను దాకా, ఎత్తు మీద నడిచే పట్టాల కిందా పక్కనా ఉన్న అంగళ్ళ వరస అది. రెండో ప్రపంచ యుద్ధంలో ఓడిపోయి టోక్యో బూడిదైనప్పుడు ఇక్కడే దొంగ బజారు మొలిచింది. మిఠాయి అమ్మారు, అమెరికా సైన్యం సరుకులు అమ్మారు, ఆకలి నుంచి గట్టెక్కారు. ఇప్పుడు చేపలు, ఎండు సరుకులు, చెప్పులు, బట్టలు అమ్ముతున్నారు. జపాన్ అంటే నిశ్శబ్దం అనుకునేవాళ్ళు ఆమెయోకోలో చేపలమ్మేవాడి గొంతు వినాలి. ఏడాది చివర్లో కొత్త సంవత్సరం సరుకుల కోసం జనం అక్కడ కిక్కిరిసిపోతారు. అన్నిటికన్నా నాకు నచ్చింది, ఆ బజారు నడుమ, దుకాణాల నెత్తిన ఉన్న ఒక గుడి. తోకుదాయిజి. కింద సరుకులు అమ్ముతుంటారు, మెట్లెక్కితే పైన మారీచీ దేవత. పక్కనే పట్టాల మీద రైళ్ళు పోతూ ఉంటాయి. రైల్వే స్థలంలో పెరిగిన మా గోల్‌బజార్‌లో తిరిగిన పిల్లలకు అక్కడ దారి తప్పదు.

టూరు కంపెనీలవాళ్ళు గుడికి ఒక పూట, షాపింగుకు ఒక పూట అని విడదీసి చూపిస్తారు. అది నాకు నచ్చదు. అసాకుసాలోని సెన్సోజి టోక్యోలోకెల్లా పాత గుడి. దాని ముందు దాదాపు 250 మీటర్ల పొడవున నాకామిసె అనే అంగళ్ళ వీధి ఉంది. గుడి ఆవరణ ఊడ్చి శుభ్రంగా ఉంచే బాధ్యత తీసుకున్నందుకు, చుట్టుపక్కల జనానికి అక్కడ అమ్ముకునే హక్కు ఇచ్చారు. మూడు వందల ఏళ్ళ నాటి ఏర్పాటు. అంటే ఆ బజారు చీపురుతో మొదలైంది. తోజిలో ప్రతి నెలా 21న గుడి ఆవరణ మొత్తం సంత అయిపోతుంది, కూకాయి అనే గురువు పోయిన తిథిని తలుచుకుంటూ. పాత కిమోనోలు, కుండలు, మొక్కలు, ఊరగాయలు అన్నీ దొరుకుతాయి. కుదిరితే క్యోటో ప్రయాణం 21వ తేదీకి పెట్టుకోమని పిల్లలకు గీత గీసి మరీ రాశాను. షింకాన్‌సెన్ రైలు క్యోటో చేరుతుంటే కిటికీలోంచి తోజి అయిదంతస్తుల గోపురం కనిపిస్తుంది. దాదాపు 55 మీటర్ల ఎత్తు, అంతా చెక్కపని.

ఇంతకీ జపాన్ గుడి చూడటానికి లక్షలు కూడేదాకా ఆగక్కర్లేదు. మన ఖరగ్‌పూర్ మీదుగా పోయే ధౌలీ ఎక్స్‌ప్రెస్ పేరు ఒకసారి తలుచుకోండి. ఆ బండెక్కి మనవాళ్ళు పూరీ పోతారు, జగన్నాథుణ్ణి చూస్తారు, సముద్రంలో మునుగుతారు, తిరిగొస్తారు. బండికి పేరిచ్చిన కొండ భువనేశ్వర్ పక్కనే ఉంది, మనకు 320 కిలోమీటర్ల దూరం. ఆ కొండ మీద 1972లో జపాన్ బౌద్ధులు ఇక్కడివాళ్ళతో కలిసి తెల్లని శాంతి స్తూపం కట్టారు. వాళ్ళ గురువు నిచిదాత్సు ఫుజీ. 1933లో వార్ధాలో గాంధీజీని కలిశాడు. గాంధీజీ ఆయన్ని ఫుజీ గురూజీ అని పిలిచేవారు. కలకత్తా ఢాకురియాలో, సరోవరం ఒడ్డున, 1935లో ఆయనే నిప్పోన్‌జాన్ మ్యోహోజి గుడి స్థాపించాడు. హౌరా మనకు 115 కిలోమీటర్లు, లోకల్ బండి చాలు. ఆ గుళ్ళో విసనకర్రలాంటి చేతి డప్పు కొడుతూ సద్ధర్మ పుండరీక సూత్రం పేరును జపిస్తారు. మనవాళ్ళు సరస్వతిని అంత దూరం పంపితే, వాళ్ళు డప్పు పట్టుకుని మన దాకా వచ్చారు.

ధౌలీ మన పిల్లలకు మరీ ముఖ్యం. శ్రీకాకుళం నేల కళింగ నేల. కళింగపట్నం, ముఖలింగం, శాలిహుండం మన తాతల ఊళ్ళ పక్కనున్న చోట్లు. కళింగ యుద్ధంలో లక్షమంది చచ్చారని, లక్షన్నర మందిని తరలించుకుపోయారని, దానికి తాను కుమిలిపోయానని అశోకుడు పదమూడో శాసనంలో చెక్కించాడు. ఆ శాసనం వేరే చోట్ల ఉంది, ధౌలీలో ఆయన శాసనాలున్న బండ మీద మాత్రం లేదు. ఓడిపోయినవాళ్ళ గడప ముందు ఆ మాటలు చెక్కించలేదు. వాటి బదులు ఇక్కడి అధికారులకు వేరే ఆజ్ఞలు చెక్కించాడు, ప్రజలంతా తన బిడ్డలని, వాళ్ళను అన్యాయంగా బంధించొద్దని, హింసించొద్దని. పక్కన బండలోంచి బయటికొస్తున్నట్టు ఏనుగు ముందు సగం. ఇది చూసి, కొండెక్కి, అణుబాంబు దెబ్బ తిన్న దేశపు జనం వచ్చి ఇక్కడే స్తూపం ఎందుకు కట్టారో ఆలోచించిన పిల్లలు హిరోషిమా వెళ్ళినప్పుడు ఇంకోలా నిలబడతారు. క్యోటో దాకా వెళ్ళి హిరోషిమా వదిలేసి రావద్దని కూడా ఆ కాగితంలో రాశాను.

సంఘాల పెద్దలకు నా విన్నపం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వడానికి ఒప్పుకున్నప్పుడు ఈ ఊళ్ళో మనమంతా సంతోషించాం. ఆ గౌరవం మనకు పిల్లల మీద బాధ్యత కూడా పెట్టింది. పందిరికి, లైట్లకు, మైకులకు ఎత్తే చందాల్లో కొంత తీసి పక్కన పెట్టండి. ఏటా చలికాలంలో హైస్కూలు పిల్లల్ని ఒకసారి ఢాకురియాకు, ఒకసారి ధౌలీకి తీసుకెళ్ళండి. ఢాకురియా వెళ్ళినరోజు దగ్గర్లోని లేక్ మార్కెట్‌కి కూడా తీసుకెళ్ళి, దక్షిణాది నుంచి వచ్చినవాళ్ళకు అరటాకులూ మల్లెపూలూ అమ్ముతూ ఆ బజారు ఎలా పెరిగిందో దుకాణదారులనే అడగనివ్వండి. బెంగాలీ, ఒడియా స్నేహితులుంటే వాళ్ళనూ రానివ్వండి. మాతా పూజలో నీళ్ళు పోసిన ఇళ్ళ పిల్లలే కదా వాళ్ళు. వెళ్ళొచ్చిన పిల్లలు తెలుగులో రెండు పేజీలు రాయాలి. దిద్దిపెట్టడానికి నేనున్నాను.

ఇంకొక్క సంగతి. రైల్వేలో పనిచేసేవాళ్ళ పిల్లలకు పాసు ఉంటుంది. తాతలనాటి నుంచి మనల్ని తిరుపతికీ కాశీకీ తిప్పింది ఆ పాసే. కానీ ఇప్పుడు మన ఇళ్ళలో కాంట్రాక్టు పనికి పోయేవాళ్ళు పెరిగారు. వాళ్ళ పిల్లలకు పాసు లేదు. జపాన్ మాట వాళ్ళు తలపెట్టరు, ధౌలీకి కూడా "మేం రాం టీచరుగారూ" అని తప్పుకుంటారు. సంఘం డబ్బుతో మొదటి టికెట్లు ఆ పిల్లలకే కొనాలి. పాసు ఉన్నవాళ్ళు వెళ్ళడం ఎలాగూ ఆగదు.