తోకచుక్కని దేవకన్యని చేసిన పాపం నాదే

ముందే ఒప్పేసుకుంటాను. ఇంజనీరింగ్ రెండో ఏడు హాస్టల్లో ఉన్నప్పుడు నేనో వెధవ పని చేశాను. దాని ఫలితం పోయినేడు ఆఫీసులో నా ఎదురుగా వచ్చి కూర్చుంది. ఆ కథతో మొదలుపెట్టి, ఆ తర్వాత తిట్టాల్సినవాళ్ళని తిడతాను. మొదటి తిట్టు నాకే కాబట్టి ఎవరూ ఏమీ అనుకోకండి :)

ఫైనల్ ఫాంటసీ 6 అని ఒక జపనీస్ వీడియో గేము ఉంది. 1994లో సూపర్ ఫామికామ్ మీద వచ్చింది. సంగీతం నొబువొ ఉయెమాత్సు. గేము చివర్లో కెఫ్కా అనే పిచ్చి విలన్‌తో యుద్ధం జరిగేటప్పుడు ఒక సంగీతం వస్తుంది. సీడీలో దాదాపు 17 నిమిషాలుంటుంది. ఆర్గన్ మోత, కోరస్ లాంటి గొంతులు, మధ్యలో రాక్. రాత్రి లైట్లార్పేసి ఇయర్‌ఫోన్స్‌లో వింటే నిద్ర పట్టదు. నాకు దొరికిన ఫైల్లో దాని పేరు ఇంగ్లీషు అక్షరాల్లో "యోసే రంబు" అని ఉండేది. అప్పటికి నా జపనీస్ జ్ఞానమల్లా ఒక ఉచిత నిఘంటువు. తీసి చూస్తే యోసే అంటే దేవకన్య, రంబు అంటే ఒళ్ళు తెలియకుండా వేసే చిందులు. ఇంకేం! దేవకన్యల చిందులు అని ఇంగ్లీషులో ఒక పేరు తయారుచేసి ట్యాగులో కొట్టేశాను. ఉన్న పేరు చెరిపేశాను. పైగా డాన్స్ స్పెల్లింగు కూడా తప్పు కొట్టాను. ఇంత భయంకరమైన సంగీతానికి దేవకన్యలేమిటి అన్న అనుమానం రాలేదా అంటే వచ్చింది. "జపాన్‌లో దేవకన్యలు ఇలాగే ఉంటారేమోలే" అనుకున్నాను.

అసలు విషయం ఏంటంటే, ఆ యోసే వేరు, ఈ యోసే వేరు. పలకడం ఒకటే, రాసే అక్షరాలు వేరు. సీడీ మీద ఉన్న యోసే అంటే అరిష్టాన్ని సూచించే నక్షత్రం, మన పెద్దవాళ్ళు తోకచుక్క పొడిచిందని భయపడేవాళ్ళే, అలాంటిది. అంటే అది తోకచుక్క చిందులు. ప్రపంచాన్ని నాశనం చేసినవాడితో ఆఖరి యుద్ధానికి ఎంత చక్కగా సరిపోయిందో చూడండి. ఇంగ్లీషులో దీనికి అందరికీ తెలిసిన పేరు డాన్సింగ్ మ్యాడ్.

పోయినేడు టీములో కొత్తగా చేరిన కుర్రాడు "అన్నా, మీకు గేమ్ మ్యూజిక్ ఇష్టమట కదా, నా దగ్గర పెద్ద కలెక్షన్ ఉంది" అని ఒక ఫోల్డరు షేర్ చేశాడు. తెరిచి చూద్దును కదా, అందులో నా దేవకన్యలు! అదే తప్పు స్పెల్లింగుతో. వాడిది వేరే ఊరు, వేరే కాలేజీ. ఎన్ని పెన్‌డ్రైవులు మారి వచ్చిందో తెలియదు. "ఈ పేరు తప్పు తమ్ముడూ" అంటే వాడు నమ్మలేదు. "లేదన్నా, మా సీనియర్ల దగ్గర కూడా ఇలాగే ఉంది" అన్నాడు. నేను పుట్టించిన అబద్ధానికి నాకంటే ఎక్కువమంది సాక్షులున్నారన్నమాట.

సరే, నా పాపం చెప్పుకోవడం అయిపోయింది. ఇక తిట్ల కార్యక్రమం.

మొన్నీమధ్య నా స్నేహితుడొకడు (వాడూ మనలాగే సాఫ్ట్‌వేరే) తన దగ్గరున్న వేలాది జపనీస్ పాటల పేర్లన్నిటినీ ఒక స్క్రిప్టు రాసి, యంత్రంతో ఇంగ్లీషులోకి మార్పించి, పాత పేర్ల మీద రాసేశాడు. బ్యాకప్పు లేదు. "ఒరేయ్, ఇరవై నిమిషాల పనిరా, మీరంతా ఏళ్ళ తరబడి చేతులతో ఎందుకు చేశార్రా?" అని గర్వంగా చెప్పాడు. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందని సామెత. ఇక్కడ ఊడిన నాలుకని చూపించి రెండు లైకులు కూడా సంపాదించాడు.

వాడి ఫోల్డరులోంచి రెండు ఉదాహరణలు చెప్తాను.

మొదటిది ఫైనల్ ఫాంటసీ 10, 2001. దాంట్లో పియానో మీద ఒక పాట ఉంది, జపనీస్ పేరు "జనరుకండొ నితె". యంత్రం దాన్ని "జనార్కండ్‌లో" అన్న అర్థంతో మార్చింది. తప్పా? కానే కాదు. నితె అంటే మన "లో" విభక్తే. గేము మొదలవగానే శిథిలమైన జనార్కండ్ పక్కన అందరూ నెగడు చుట్టూ కూర్చుని ఉంటే ఈ పాట వస్తుంది. కానీ ఇంగ్లీషులో చలామణీ అయ్యే పేరు "జనార్కండ్‌కి" అన్న అర్థంతో ఉంటుంది. అదీ అర్థం లేనిది కాదు, కథంతా అక్కడికి చేసే ప్రయాణమే కదా. ఒక పేరులో వాళ్ళు అప్పటికే చేరి కూర్చున్నారు, ఇంకో పేరులో ఇంకా దారిలో ఉన్నారు. ఒక్క విభక్తి తేడా! ఈ రెండూ భద్రంగా దాచుకోవాల్సిన సమాచారం. మావాడు జపనీస్ పేరూ పోగొట్టుకున్నాడు, అందరికీ తెలిసిన ఇంగ్లీషు పేరూ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు ఆ పాట కోసం వెతికితే వాడి సొంత ఫోల్డరులో వాడికే దొరకదు.

రెండోది క్రోనో ట్రిగ్గర్, 1995. యసునొరి మిత్సుద సంగీతం. అందులో "మఓ కెస్సెన్" అని ఒకటుంది. మఓ అంటే దెయ్యాల రాజు, కెస్సెన్ అంటే తాడోపేడో తేల్చే యుద్ధం. అన్నట్టు, ఆ "మ" అనే అక్షరం బౌద్ధంతో పాటు చైనా మీదుగా వెళ్ళిన మన సంస్కృత "మార" శబ్దం కోసం పుట్టింది. బుద్ధుడి తపస్సు చెడగొట్టబోయిన మారుడే వీడు. యంత్రం పదానికి పదం పెట్టి దెయ్యాల రాజుతో అంతిమ పోరు అని ఇచ్చింది. కానీ ఇంగ్లీషు గేములో ఆ పాత్ర పేరు మేగస్. ఆడినవాళ్ళందరికీ వాడు మేగసే. గేము ఆడని అనువాదకుడికి, మనిషైనా యంత్రమైనా, ఇది తెలిసే అవకాశమే లేదు. ఫైనల్ ఫాంటసీ 6 నాయిక కూడా అంతే, జపాన్‌లో టీనా, ఇంగ్లీషులో టెర్రా. టీనా పాట కావాలంటే టెర్రా పేరుతో వెతకాలి. అసలు ఆ గేమే 1994లో అమెరికాలో ఫైనల్ ఫాంటసీ 3 అనే పేరుతో అమ్ముడుపోయింది. దాని సంగీతం అక్కడ కెఫ్కాస్ డొమైన్ పేరుతో వచ్చింది. ఇన్ని పేర్లున్నచోట ఒకటి ఉంచి మిగతావి పీకేస్తానంటే ఎలా?

యంత్రాన్ని మాత్రమే తిట్టడం అన్యాయం. మనుషులు తక్కువేం తినలేదు. క్రోనో ట్రిగ్గర్‌లోనే "కజె నొ షోకే" అని ఒక అందమైన పాట ఉంది. కజె అంటే గాలి, షోకే అంటే తపన, ఆరాటం. ఇంగ్లీషులో ఎక్కువగా కనిపించే పేరు విండ్ సీన్. ఆరాటం సీనెలా అయింది? దృశ్యాన్ని జపనీస్‌లో జోకే అంటారు. ఎవరో షోకేని జోకే అని పొరబడ్డారని నా అనుమానం. పైగా ఆ షోకే రాసే అక్షరాలనే దోకే అని కూడా చదవొచ్చు, రెండూ ఒప్పే! అంటే ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడే మనం ఒక నిర్ణయం తీసేసుకుంటున్నాం. దాన్నుంచి అనువాదం చేస్తే ఆ నిర్ణయం మీద ఇంకో నిర్ణయం.

ఈ పేరు మీదే ఇంకో ముచ్చట. ఇంగ్లీషువాళ్ళు దీన్ని రాయాలంటే గాలి పడే ఆరాటమా, గాలి కోసం ఆరాటమా అని తేల్చుకోవాలి. తెలుగులో "గాలి ఆరాటం" అనేస్తే చాలు, జపనీస్‌లో ఉన్న సందిగ్ధం అలాగే వచ్చేస్తుంది. మాటల వరసా అదే. అక్షరాల విషయంలోనూ మనదే పైచేయి. జపనీస్‌లో హ్రస్వం, దీర్ఘం తేడా ప్రాణం లాంటిది. ఇంగ్లీషులో దానికోసం నెత్తిన గీత పెట్టాలి, చాలామంది పెట్టరు. మనకి ఒ, ఓ, ఎ, ఏ పుట్టుకతోనే వేరు. ఇంత సౌకర్యం ఉన్న మనం కూడా ఇంగ్లీషు దారిలోనే వెళ్ళి జపనీస్ నేర్చుకుంటున్నాం. సరే, అది ఇంకో టపాకి సరిపడా ఏడుపు.

ఇక మూడో రకం వీరులు, దిద్దుబాటుదారులు. వీళ్ళకి జపనీస్ నిజంగానే వచ్చు, గొడవంతా అక్కడే. నియెర్ అనే గేము 2010లో వచ్చింది, కెయిచి ఒకబె సంగీతం. అందులో "ఇనిషియె నొ ఉత"కి ఇంగ్లీషు పేరు సాంగ్ ఆఫ్ ది ఏన్షెంట్స్, అంటే ప్రాచీనుల పాట. జపనీస్‌లో ఉన్నది ప్రాచీన కాలపు పాట, మనుషుల ప్రస్తావన లేదు. "కాబట్టి ఇంగ్లీషు పేరు తప్పు, మార్చేస్తున్నా" అని బయల్దేరుతారు. బాబూ, కంపెనీ పెట్టి అమ్మిన పేరు తప్పయినా అది జరిగిన విషయం. చరిత్రని వ్యాకరణంతో దిద్దకూడదు. నీ అనువాదం బాగుందా, పక్కన ఇంకో గడిలో రాసుకో, కింద నీ పేరు పెట్టుకో. ఇంకోటి, ఆ పేరుని సీడీ మీద కావాలనే మొత్తం కతకానాలో, అంటే సాధారణంగా విదేశీ మాటలకి వాడే లిపిలో, వేశారు. అచ్చ జపనీస్ మాటల్ని అలా రాయడంలో ఒక వింతదనం ఉంది. కాంజీలోకి "సరిచేసి" దాన్ని కూడా చంపేస్తారు కొందరు.

ఇంతకీ నేనడిగేదేంటి? మన ఉద్యోగంలో రోజూ చేసేదే. ఇది అనువాదం సమస్య కంటే ముందు స్కీమా సమస్య. నాలుగు గడులు పెట్టండి చాలు. ఒకటి, సీడీ పుస్తకంలో అచ్చయినది అచ్చయినట్టు, ఏ లిపిలో ఉంటే ఆ లిపిలో. దీన్ని ఎవరూ ముట్టుకోకూడదు. రెండు, దాన్నెలా చదవాలో. మూడు, అమ్మినవాళ్ళు ఇచ్చిన ఇంగ్లీషు పేరు, ఏ ఎడిషన్‌లో, ఏ ఏడాదిలో ఇచ్చారో దాంతో సహా. రెండు పేర్లుంటే రెండూ. నాలుగు, అభిమానుల అనువాదం, చేసినవాళ్ళ పేరుతో. యంత్రం చేస్తే యంత్రం చేసిందని రాయండి. ఇక పాట పేరుని ప్రైమరీ కీగా వాడకండి మహాప్రభో! సీడీ వెన్ను మీద అక్షరాలు, అంకెలతో ఒక కేటలాగు నంబరుంటుంది. ఆ నంబరు, డిస్కు, ట్రాకు. ఈ మూడూ ఉంటే పేరు ఎన్నిసార్లు మారినా పాట తప్పిపోదు. ఇదేం నా తెలివి కాదు. మ్యూజిక్‌బ్రెయిన్జ్‌లో అనువదించిన పాటల జాబితాని అసలు విడుదలకి దూరంగా, సూడో రిలీజ్ అనే వేరే రకంగా పెట్టే పద్ధతి ఉంది. వీజీఎమ్‌డీబీలో ఒకే ఆల్బమ్‌కి జపనీస్, రోమన్, ఇంగ్లీషు జాబితాలు వేరువేరుగా కనిపిస్తాయి. దారి వేసి ఉంది, నడవడానికే బద్ధకం.

పూర్వం అంటే జాగా లేదు, ఒప్పుకుంటాను. ఎమ్‌పీ3 మొదటి ట్యాగుల్లో పాట పేరుకి 30 బైట్లే ఇచ్చారు. షిఫ్ట్ జిస్‌లో జపనీస్ అక్షరానికి రెండు బైట్లు, అంటే 15 అక్షరాలు. ఏ ఎన్‌కోడింగో చెప్పే వీలు లేదు కాబట్టి వేరే కంప్యూటర్లో తెరిస్తే పిచ్చిగీతలు. అందుకే జనం ఇంగ్లీషు అక్షరాలకి దిగారు. ఇప్పుడు యూనికోడ్ ఉంది, ఫోనులో వందల జీబీలున్నాయి. ఇంకా ఒకే గడిలో కొట్టుకుంటామంటే అది జాగా లేకపోవడం కాదు, ఓపిక లేకపోవడం.

"ఎవడికి కావాలిరా ఇదంతా, పాట వింటే సరిపోదా?" అన్నాడు మావాడు. సరిపోదు. చాలా పాత గేముల్లో పాట పేరు తెర మీద ఎక్కడా కనిపించదు. అది సీడీ పుస్తకంలో మాత్రమే ఉంటుంది. మాటల్లేని సంగీతం మీద స్వరకర్త రాసుకోగలిగేవి ఆ రెండు మూడు మాటలే. కథలో ఎక్కడ, ఎవరి కోసం అన్నది వాటిలోనే ఉంటుంది. అదే చెరిపేస్తే మిగిలేది ట్రాక్ 17.

ఇది మనకి సంబంధం లేని జపాన్ గోల అనుకునేవాళ్ళకి ఆఖరి మాట. నా ఫోనులోని పాటల యాప్‌లో తెలుగు పాటలన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉన్నాయి. మన పాటలకి వేరే పేర్లుండవు, పల్లవిలో మొదటి మాటలే పేరు. అందులో కల, కళ రెండూ ఒకటే స్పెల్లింగు. సోమరిపోతుల చేతిలో కాల కూడా అదే. నేను యోసేని చూసి మోసపోయినట్టే రేపు తెలుగు రాని ఏ కుర్రాడో కళని కల అనుకుని అనువాదం చేస్తాడు. దాన్ని ఇంకొకడు కాపీ చేస్తాడు. పత్రికకో ఫాంటు ఉన్న రోజుల్లో పద్మ లాంటి పొడిగింతలు రాసి తెలుగుని యూనికోడ్‌లోకి లాక్కొచ్చిన సీనియర్ల కథలు మనం గొప్పగా చెప్పుకుంటాం. మన పాటల పేర్ల దగ్గరికొచ్చేసరికి ఆ పట్టుదల ఏమైంది?

మావాడి ఫోల్డరు సంగతంటారా? గత మూడు ఆదివారాలుగా ఇద్దరం కూర్చుని సీడీ నంబర్లు పట్టుకుని ఒక్కొక్కటీ సరిచేస్తున్నాం. ఇరవై నిమిషాల్లో పోయినవి ఎప్పటికి తిరిగొస్తాయో! ఇంకా నాలుగో వంతు కూడా కాలేదు. వాడు తిట్టుకుంటూనే చేస్తున్నాడు. నిన్న తోకచుక్క పేరుని వాడి చేతే కొట్టించాను :)

మీ దగ్గరున్న పాత ఫోల్డర్లలో దేవకన్యలెవరైనా చిందులేస్తుంటే దయచేసి వాళ్ళని ఇంటికి పంపించేయండి. తీసుకొచ్చింది నేనే.