బీ-ఫారం ప్రజాస్వామ్యం

పార్టీ అంటే ఏమిటో మునుగోడు ఓటరును అడగండి. 2018లో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డిని కాంగ్రెస్ గుర్తు మీద గెలిపించాడు. 2022 ఆగస్టులో ఆయన రాజీనామా చేసి బీజేపీలో చేరారు. నవంబరు 3న ఉప ఎన్నిక జరిగింది, 47 మంది పోటీపడ్డారు, టీఆర్ఎస్ పది వేల పైచిలుకు ఓట్లతో గెలిచింది. ఏడాది తిరక్కముందే ఆయన మళ్లీ కాంగ్రెస్‌లోకి వచ్చి, ఆ గుర్తు మీదే మునుగోడులో గెలిచారు. అయినా నన్నడిగితే పార్టీలు మారినవాళ్ల గుంపులో ఆయనే నయం. పదవి వదిలి జనం ముందుకు వెళ్లారు.

మిగతావాళ్లకు ఆ పాటి బిడియమూ లేదు. 2014లో తెలంగాణ అసెంబ్లీలో సీపీఐకి ఉన్నది ఒకే ఒక్క సభ్యుడు, దేవరకొండ నుంచి. ఆయన 2016లో టీఆర్ఎస్‌లో కలిశారు. అదే ఏడాది కాంగ్రెస్ తరఫున గెలిచిన నల్లగొండ ఎంపీ గుత్తా సుఖేందర్ రెడ్డీ అదే దారి పట్టారు. 2019 జూన్‌లో కాంగ్రెస్ ఎమ్మెల్యేలు పన్నెండు మంది టీఆర్ఎస్‌లో విలీనమయ్యారు. వాళ్లలో నకిరేకల్, కొల్లాపూర్ సభ్యులున్నారు. అప్పటికి సభలో కాంగ్రెస్‌కు ఉన్నది పద్దెనిమిది మంది, విలీనానికి కావాల్సిన మూడింట రెండొంతులు సరిగ్గా పన్నెండు. లెక్క చూసుకునే గోడ దూకారు! ఒక్కడు దూకితే ఫిరాయింపు, మంద దూకితే విలీనం. ఇదీ ఫిరాయింపులను ఆపాల్సిన మన రాజ్యాంగపు పదో షెడ్యూలు.

అప్పుడు గుండెలు బాదుకున్న కాంగ్రెస్, పార్టీ మారితే సభ్యత్వం దానంతటదే పోయేలా చట్టం తెస్తామని 2024 లోక్‌సభ మేనిఫెస్టోలో రాసుకుంది. ఆ జూలైలోనే గద్వాల బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) ఎమ్మెల్యేకు కాంగ్రెస్ కండువా కప్పింది. కప్పినాయన పాలమూరు గడ్డ మీది కొడంగల్ నుంచి గెలిచిన ముఖ్యమంత్రి. అలాంటి పది మంది ఎమ్మెల్యేల అనర్హత సంగతి మూడు నెలల్లో తేల్చమని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది.

తప్పు దూకినవాడిది మాత్రమే అనుకుంటే మనం అమాయకులం. మండల పార్టీ అధ్యక్షుణ్ణి ఎన్నడైనా సభ్యులు ఓటేసి ఎన్నుకున్నారా? జెండాలు కట్టి, లాఠీదెబ్బలు తిని, ఇరవై ఏళ్లు ఊరూరా తిరిగిన కార్యకర్త తన పార్టీ ఆఫీసు ముందు, గాంధీభవన్ గేటు దగ్గరో తెలంగాణ భవన్ మెట్ల మీదో నిలబడి ఉంటాడు. నిన్న వచ్చిన కాంట్రాక్టరు చేతిలో పార్టీ అభ్యర్థిగా నిలబెట్టే బీ-ఫారం ఉంటుంది. పైనుంచి తెచ్చుకున్నవాడు కింద ఎవరికి జవాబు చెబుతాడు?

పార్టీలే వద్దనడం లేదు నేను. ఇక్కడ కమ్యూనిస్టు పార్టీ మీద నిషేధం ఉన్న 1952లో రావి నారాయణరెడ్డి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) పేరుతో నిలబడితే, నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లిచ్చి పార్లమెంటుకు పంపింది ఈ నల్లగొండే. ఊళ్లలో సంఘం పెట్టి భూమి కోసం కొట్లాడిన పార్టీకి జనం అట్లా బదులిచ్చారు.

అదే నల్లగొండ 1996 లోక్‌సభ ఎన్నికల్లో పార్టీల ముఖాన ఇంకో జవాబు కొట్టింది. ఫ్లోరైడ్ నీళ్లు తాగి పళ్లు గారపట్టి, నడుములు వంగి, కాళ్లు దొడ్డికాళ్లయినా ఏ పార్టీకీ పట్టలేదు. దుశ్చర్ల సత్యనారాయణ నాయకత్వంలో జల సాధన సమితి పిలుపునిస్తే రైతులు నామినేషన్లు వేశారు. బరిలో 480 మంది! బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. దేశం అప్పుడు చూసింది మన నీళ్ల వంక. ఢిల్లీ ఏం చేసింది? అదే ఏడాది చట్టం మార్చి, ఐదు వందలున్న లోక్‌సభ డిపాజిట్‌ను పది వేలు చేసింది, ఇండిపెండెంటుకు పది మంది ప్రతిపాదకులు కావాలంది. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి మాత్రం ఒక్కరు చాలు.

ఆ నీళ్ల కోసమే 2005లో మంజూరైన శ్రీశైలం ఎడమగట్టు కాలువ (ఎస్ఎల్‌బీసీ) సొరంగం కాంగ్రెస్, టీఆర్ఎస్, మళ్లీ కాంగ్రెస్ ఏలుబడి చూసి కూడా పూర్తి కాలేదు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర కప్పు కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకుపోతే, బయట రెండు పార్టీలూ తప్పు నీదంటే నీదని తిట్టుకున్నాయి.

పార్టీలు జనానికి జవాబు చెప్పాలంటే, విలీనం పేరిట ఉన్న ఆ మూడింట రెండొంతుల మినహాయింపును ఎత్తేయాలి. పార్టీ మారినవాడు రాజీనామా చేసి మళ్లీ ఓటరు దగ్గరికి రావాలి. అభ్యర్థిని నియోజకవర్గంలోని సభ్యులే ఓటేసి తేల్చాలి. ఈసారి కండువాతో మీ వాకిట్లోకి వచ్చినాయన్ను కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఈ మూడింటికీ ఒప్పుకుంటావా లేదా అని ముఖమ్మీదే అడగండి. నీళ్లు నమిలితే ఆయనకు ఓటు లేదని అక్కడే చెప్పేయండి.